బెంజీన్ కాస్తా సైక్లోహెక్సేన్ అయిపోయింది: పైథాన్ డెకరేటర్ ఇన్‌పుట్‌ని ఎలా సరిచేస్తుంది, ఎక్కడ ముంచుతుంది?

ఫ్రెండ్స్, నేను ఇక్కడ ఎప్పుడూ ఫోన్లు, ఛార్జర్లు, ఇయర్‌బడ్స్ గురించే రాస్తుంటాను. ఈసారి టాపిక్ కొంచెం వేరు. ఫోన్‌లో పైథాన్ కోడ్ రాస్తూ నేను చేసిన ఒక తప్పు గురించి, దాని వెనకాల ఉన్న డెకరేటర్ అనే కాన్సెప్ట్ గురించి చెబుతాను. కెమిస్ట్రీ ఇంటర్‌తోనే వదిలేసిన వాళ్లకి కూడా అర్థమయ్యేలా ఉంటుంది, భయపడకండి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, నేను పెట్టిన ఒకే ఒక్క లైన్ వల్ల బెంజీన్ కాస్తా సైక్లోహెక్సేన్ అయిపోయింది. ఆ రెండు వరసల్లో ఎర్రర్ మెసేజ్ ఒక్కటి కూడా రాలేదు. అసలు సమస్య అదే.

అసలేం జరిగింది?

మాది విజయనగరం. మా మేనత్త కొడుకు, అంటే నాకు బావ, పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేస్తాడు. వైజాగ్ నుంచి శ్రీకాకుళం వెళ్లే 16వ నంబర్ జాతీయ రహదారి మీద, రణస్థలం మండలంలో ఉంటుంది ఆ ఊరు. ఆ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలు చాలానే ఉన్నాయి. ల్యాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేర్పడానికి బావ సొంతంగా ఒక షీట్ తయారు చేసుకుంటున్నాడు. కంపెనీ రికార్డు కాదు, నేర్పడానికి మాత్రమే. అందులో ఒక్కో సాల్వెంట్ పేరు, దాని మాలిక్యులర్ వెయిట్, మందులో అది ఎంతవరకు మిగలొచ్చో చెప్పే లిమిట్ ఉండాలి.

ఈ లిమిట్స్ ఐసీహెచ్ క్యూ3సీ అనే అంతర్జాతీయ గైడ్‌లైన్‌లో ఉంటాయి. బెంజీన్ క్యాన్సర్ తెచ్చే పదార్థం కాబట్టి దాని లిమిట్ కేవలం 2 పీపీఎం. అంటే పది లక్షల భాగాల్లో 2 భాగాలు. మిథనాల్‌కి 3000 పీపీఎం, సైక్లోహెక్సేన్‌కి 3880 పీపీఎం. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

బావ లిస్టు వాట్సాప్‌లో పంపాడు. నేను ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ ఓపెన్ చేసి, ఆర్‌డీకిట్ ఇన్‌స్టాల్ చేసి, గంటలో స్క్రిప్ట్ రాసేశాను. రిజల్ట్ పంపాక పది నిమిషాలకే ఫోన్ వచ్చింది.

"ఏట్రా ఇది? బెంజీన్ బరువు 84 అంటాదేటి నీ ఫోను? ఇంటర్ గుంటడు కూడా 78 అని సెప్తాడు. ఈ లిమిట్ సూసినావా, 3880! కుర్రోడెవడైనా ఇది నిజమనుకుంటే ఏటి గతి?"

2 ఉండాల్సిన చోట 3880. దాదాపు రెండు వేల రెట్లు తేడా. బావకి బెంజీన్ బరువు నోటికి వచ్చు కాబట్టి దొరికింది. అదే లిస్టులో టాలుయిన్ కూడా తప్పు పడింది. దాని లిమిట్ 890 బదులు 1180 అని వచ్చింది. ఆ రెండు అంకెలూ చూడటానికి ఒకేలా ఉన్నాయి కాబట్టి మొదట అది బావ కంటికి కూడా ఆనలేదు.

ముందుగా రెండు బేసిక్స్

మొదటిది స్మైల్స్. మాలిక్యూల్ బొమ్మని ఒకే లైన్ టెక్స్ట్‌గా రాసే పద్ధతి ఇది. 1980లలో డేవిడ్ వీనింగర్ తయారు చేశాడు. ఇథనాల్‌ని రాయాలంటే క్యాపిటల్ సి, క్యాపిటల్ సి, క్యాపిటల్ ఓ, అంతే. హైడ్రోజన్లు విడిగా రాయక్కర్లేదు, సాఫ్ట్‌వేరే లెక్కేసుకుంటుంది. బెంజీన్‌లాంటి అరోమాటిక్ రింగ్ అయితే కార్బన్‌ని స్మాల్ లెటర్‌లో రాస్తారు. బెంజీన్ అంటే ఆరు స్మాల్ సి అక్షరాలు, మొదటి సి పక్కన ఒక 1, చివరి సి పక్కన ఒక 1. ఆ రెండు 1లు రింగ్ ఎక్కడ కలుస్తుందో చెబుతాయి. అవే ఆరు అక్షరాలు క్యాపిటల్ సి అయితే అది సైక్లోహెక్సేన్. అంటే ఇక్కడ క్యాపిటల్, స్మాల్ తేడా అందం కోసం కాదు, అక్కడే కెమిస్ట్రీ మొత్తం ఉంది.

రెండోది ఆర్‌డీకిట్. కెమిస్ట్రీ లెక్కల కోసం ఉన్న ఫ్రీ లైబ్రరీ. గ్రెగ్ లాండ్రమ్ మొదలుపెట్టాడు, 2006లో ఓపెన్ సోర్స్ అయింది. లోపల ఎక్కువ భాగం సి ప్లస్ ప్లస్, పైన పైథాన్ నుంచి వాడుకుంటాం. స్మైల్స్ టెక్స్ట్ ఇస్తే అది మోల్ అనే ఆబ్జెక్ట్ తయారు చేస్తుంది. బరువు కావాలన్నా, బొమ్మ కావాలన్నా ఆ మోల్ ఆబ్జెక్టే ఇవ్వాలి. టెక్స్ట్ నేరుగా ఇస్తే ఆర్గ్యుమెంట్ ఎర్రర్ అని పెద్ద మెసేజ్ పడుతుంది. ఇంకో ముఖ్యమైన విషయం: స్మైల్స్ తప్పుగా ఉంటే ఆర్‌డీకిట్ ప్రోగ్రామ్‌ని ఆపదు. ఒక వార్నింగ్ చూపించి, మోల్ బదులు నన్ అనే ఖాళీ విలువ ఇచ్చి ఊరుకుంటుంది. ఆ ఖాళీని మనం పట్టించుకోకపోతే తర్వాతి ఫంక్షన్‌లో ఎక్కడో పేలుతుంది.

డెకరేటర్ అంటే టైప్-సి అడాప్టర్ లాంటిది

నా స్క్రిప్ట్‌లో ఎనిమిది ఫంక్షన్లు ఉన్నాయి. బరువు ఇచ్చేది, ఫార్ములా ఇచ్చేది, రింగులు లెక్కపెట్టేది, లిమిట్ వెతికేది, ఇలా. ప్రతి ఫంక్షన్ మొదట్లో అవే నాలుగైదు లైన్లు రాయాలి: వచ్చింది టెక్స్ట్ అయితే మోల్‌గా మార్చు, ఇప్పటికే మోల్ అయితే వదిలెయ్, ఖాళీ వస్తే ఎర్రర్ చెప్పు. ఎనిమిది చోట్ల కాపీ చేస్తే ఆరో చోట ఒక లైన్ మర్చిపోతాం. నేను మర్చిపోయాను కూడా.

ఒకప్పుడు మన ఇళ్లలో మైక్రో యూఎస్‌బీ, సన్న పిన్ను, లైట్నింగ్ అంటూ ఒక్కో ఫోన్‌కి ఒక్కో కేబుల్ ఉండేది గుర్తుందా? ఇప్పుడు చిన్న టైప్-సి అడాప్టర్ తగిలిస్తే పాత కేబుల్ కూడా పనిచేస్తుంది. ఫోన్ లోపల ఏమీ మార్చలేదు, పోర్ట్ దగ్గర ఒక ముక్క పెట్టాం, అంతే. డెకరేటర్ చేసేది కూడా అదే. ఫంక్షన్ పైన @ గుర్తు పెట్టి డెకరేటర్ పేరు రాస్తే, ఆ ఫంక్షన్‌కి వచ్చే ఇన్‌పుట్ ముందు డెకరేటర్ చేతిలో పడుతుంది. అది సరిచేసి లోపలికి పంపుతుంది. 2004లో వచ్చిన పైథాన్ 2.4 నుంచి ఈ @ పద్ధతి ఉంది.

మోల్ కావాల్సిన ఫంక్షన్లకి డెకరేటర్ చేసే పని మామూలు మాటల్లో ఇది:

1. వచ్చినది మోల్ ఆబ్జెక్టేనా? అయితే అలాగే పంపు.
2. టెక్స్ట్ అయితే ముందూ వెనకా ఖాళీలు తీసేసి, స్మైల్స్‌గా చదివి మోల్ చెయ్యి.
3. చదవలేకపోతే ఏ టెక్స్ట్ దగ్గర ఆగిందో చెప్పి ఎర్రర్ ఇవ్వు.
4. లిస్టు అయితే ఒక్కోదానికీ ఇదే పని చేసి, జవాబు కూడా లిస్టుగానే ఇవ్వు.
5. ఇవేవీ కాకపోతే ఈ టైప్ నేను తీసుకోను అని చెప్పు.

ఇక ఎనిమిది ఫంక్షన్ల మీదా ఒక్కో లైన్ పెడితే చాలు. బరువు ఫంక్షన్ లోపల మిగిలేది బరువు లెక్క ఒక్కటే. కోడ్ సగానికి తగ్గింది.

పెద్ద లైబ్రరీలు ఎలా చేస్తాయి?

ఇది నేను కనిపెట్టిన ట్రిక్ కాదు. మాలిక్యూల్స్ కదలికల సిమ్యులేషన్లని పరిశీలించే ఎండీఅనాలిసిస్ అనే పైథాన్ లైబ్రరీలో చెక్ కోఆర్డ్స్ అనే డెకరేటర్ ఉంది. రెండు అణువుల మధ్య దూరం కావాలనుకోండి. ఒక్క అణువుకి మూడు అంకెలు ఇవ్వొచ్చు, వెయ్యి అణువులకి వెయ్యి వరసల పట్టిక ఇవ్వొచ్చు, లేదా లైబ్రరీ సొంత ఆటమ్‌గ్రూప్ ఆబ్జెక్ట్ ఇవ్వొచ్చు. ఆ డెకరేటర్ అన్నింటినీ ఒకే ఆకారంలోకి, 32 బిట్ల దశాంశ అంకెల్లోకి మారుస్తుంది. రెండు పట్టికల పొడవు సరిపోయిందో లేదో చూస్తుంది. ఒక్క అణువు ఇస్తే జవాబు కూడా ఒక్క అంకెగా తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆకారం సరిపోకపోతే అక్కడే ఆపేస్తుంది.

యూనిట్ల విషయంలో పింట్ అనే లైబ్రరీ ఇంకో అడుగు ముందుకెళ్లింది. అందులో ర్యాప్స్ అనే డెకరేటర్‌కి ఈ ఫంక్షన్‌కి మీటర్లు, సెకన్లు కావాలి అని చెప్పేస్తే, మనం కిలోమీటర్లు, గంటలు ఇచ్చినా మార్చుకుని తీసుకుంటుంది. ఎందుకు మార్చగలుగుతుంది? ఇచ్చిన అంకె పక్కన యూనిట్ కూడా రాసి ఉంటుంది కాబట్టి. ఉత్త 5 అని ఇస్తే అది ఆంగ్‌స్ట్రామా, నానోమీటరా అని ఏ డెకరేటరూ చెప్పలేదు. రెండింటికీ పది రెట్లు తేడా. ఇక్కడి నుంచే నా తప్పు అర్థమవుతుంది.

నేను ఎక్కడ దెబ్బతిన్నాను?

బావ లిస్టు ఫోన్‌లో టైప్ చేశాడు. మన కీబోర్డ్ యాప్‌లు వాక్యం మొదటి అక్షరాన్ని వాటంతట అవే క్యాపిటల్ చేస్తాయి కదా. దాంతో బెంజీన్ స్మైల్స్‌లో మొదటి సి క్యాపిటల్ అయింది, మిగతా ఐదూ స్మాల్. అలాంటి రింగ్‌లో బాండ్లు లెక్కకి కుదరవు కాబట్టి ఆర్‌డీకిట్ దాన్ని ఒప్పుకోలేదు. నా డెకరేటర్ ఎర్రర్ ఇచ్చింది. అంటే డెకరేటర్ తన పని సరిగ్గానే చేసింది!

నేనేం చేశాను? కొన్ని అక్షరాలు క్యాపిటల్, కొన్ని స్మాల్ ఉన్నాయి, ఫోన్ గోల ఇది అనుకుని, డెకరేటర్‌లో ఇంకో లైన్ కలిపాను: వచ్చిన టెక్స్ట్ మొత్తాన్ని క్యాపిటల్ చెయ్యి. బెంజీన్ వరసలో ఎర్రర్ పోయింది. బెంజీన్ సైక్లోహెక్సేన్ అయింది, టాలుయిన్ మిథైల్‌సైక్లోహెక్సేన్ అయింది, పిరిడిన్ పిపెరిడిన్ అయింది. అన్నీ నిజంగా ఉన్న మాలిక్యూల్సే. అందుకే ఆర్‌డీకిట్ కిక్కురుమనలేదు. ఇథనాల్, అసిటోన్‌లలో ముందు నుంచీ అన్నీ క్యాపిటల్ లెటర్సే కాబట్టి అవి కరెక్ట్‌గా వచ్చాయి. నేను టెస్ట్ చేసింది కూడా ఆ రెండింటితోనే.

తమాషా ఏంటంటే క్లోరోబెంజీన్ మాత్రం ఎర్రర్ ఇచ్చింది. క్లోరిన్‌లో ఎల్ అక్షరం స్మాల్‌గా ఉండాలి, దాన్ని కూడా క్యాపిటల్ చేసేసరికి అలాంటి గుర్తే లేదంది. ఆ ఒక్క ఎర్రర్ నాకు దొరికిన మంచి క్లూ. నేను దాన్ని విడిగా చేత్తో సరిచేసి ముందుకెళ్లిపోయాను.

మళ్లీ టైప్-సి దగ్గరికే వద్దాం. పోర్ట్ ఒకేలా ఉంటే లోపల అంతా ఒకటే అని కాదు. ఐఫోన్ 15లో టైప్-సి పోర్టే, కానీ డేటా స్పీడ్ యూఎస్‌బీ 2 స్థాయిదే. అదే 15 ప్రోలో పోర్ట్ చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, స్పీడ్ మాత్రం 10 జీబీపీఎస్ వరకు వెళ్తుంది. అలాగే పవర్ డెలివరీ ఛార్జర్‌ని చూడండి. అది ఫోన్‌ని అడగకుండా ఎక్కువ వోల్టేజ్ పంపదు. ముందు 5 వోల్టులే ఇస్తుంది, రెండూ మాట్లాడుకుని ఒప్పుకున్నాకే పెంచుతుంది. మాట కుదరకపోతే ఊహించదు, 5 దగ్గరే ఆగుతుంది. నా డెకరేటర్ మాత్రం అడగకుండా ఊహించింది.

కాబట్టి ఈ ఆర్టికల్‌లో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: డెకరేటర్ టైప్‌ని మార్చొచ్చు, అర్థాన్ని మార్చకూడదు. టెక్స్ట్‌ని మోల్ చేయడం టైప్ మార్చడం. ఖాళీ తీసేయడం వల్ల మాలిక్యూల్ మారదు, కాబట్టి అదీ ఓకే. అక్షరం సైజు మార్చడం మాత్రం ఏకంగా మాలిక్యూల్‌నే మార్చడం.

ఇంకా ఎక్కడెక్కడ జాగ్రత్త?

ఫార్ములా, స్మైల్స్ గందరగోళం: క్యాపిటల్ సి, క్యాపిటల్ ఓ అని రెండే అక్షరాలు వస్తే ఏంటది? ఫార్ములాగా చదివితే కార్బన్ మోనాక్సైడ్, బరువు 28.01. స్మైల్స్‌గా చదివితే మిథనాల్, బరువు 32.04. ఒకటి ప్రాణం తీసే గ్యాస్, ఇంకోటి సాల్వెంట్. టెక్స్ట్ చూసి డెకరేటర్ ఇది తేల్చలేదు. అందుకే ఇది ఫార్ములానా, స్మైల్సా అని ఊహించే డెకరేటర్ రాయకండి. స్మైల్స్ మాత్రమే తీసుకుంటానని ఫంక్షన్ పేరులోనే చెప్పేయండి.

టెక్స్ట్‌ని లిస్టు అనుకోవడం: పైథాన్‌లో టెక్స్ట్‌ని కూడా అక్షరం అక్షరంగా తిప్పొచ్చు. డెకరేటర్‌లో లిస్టు చెక్‌ని ముందు పెట్టి, తిప్పగలిగేదల్లా లిస్టే అనుకుంటే ఇథనాల్ మూడు ముక్కలవుతుంది. సి, సి, ఓ. అంటే రెండు మీథేన్లు, ఒక నీరు! ఎర్రర్ రాదు. అందుకే టెక్స్ట్ చెక్ ఎప్పుడూ ముందు ఉండాలి.

ఎక్సెల్ ఖాళీ గడులు: పాండాస్‌తో షీట్ చదివితే ఖాళీ గడి టెక్స్ట్‌గా రాదు, నాట్ ఎ నంబర్ అనే దశాంశ విలువగా వస్తుంది. దాన్ని టెక్స్ట్‌గా మార్చి ముందుకెళ్దామని చూడొద్దు. ఫలానా వరస ఖాళీగా ఉంది అని చెప్పించండి.

ఎర్రర్ బదులు సున్నా: చదవలేని దానికి సున్నా ఇచ్చేద్దాంలే అనిపిస్తుంది. ఆ సున్నా తర్వాత సగటులో కలిసిపోతుంది, ఇక ఎవరికీ దొరకదు. పెద్ద లిస్టు మధ్యలో ఆగకూడదు అనుకుంటే ఖాళీగా వదిలి, చివర్లో ఏ వరసలు చదవలేదో వాటి నంబర్లు చూపించండి.

అసలు ఆబ్జెక్ట్ చెడిపోవడం: ఆర్‌డీకిట్‌లో కెకులైజ్ లాంటి కొన్ని ఫంక్షన్లు మనం ఇచ్చిన మోల్‌నే మార్చేస్తాయి. టెక్స్ట్ ఇచ్చినప్పుడు మారేది తాత్కాలికంగా తయారైన మోల్ కాబట్టి ఇబ్బంది లేదు. మోల్ ఇచ్చినప్పుడు మాత్రం యూజర్ చేతిలో ఉన్నదే మారిపోతుంది. అలాంటి ఫంక్షన్ల డెకరేటర్‌లో ముందు కాపీ తీసుకోండి.

పేరు పోవడం: డెకరేటర్ పెట్టాక ఫంక్షన్ పేరు, దాని హెల్ప్ టెక్స్ట్ మాయమై, లోపలి చుట్టు ఫంక్షన్ పేరు కనిపిస్తుంది. ఫంక్‌టూల్స్‌లో ఉన్న ర్యాప్స్ దీన్ని సరిచేస్తుంది. పింట్ ర్యాప్స్ వేరు, ఇది వేరు, పేరు మాత్రం ఒకటే. 2006లో వచ్చిన పైథాన్ 2.5 నుంచి ఉంది, ఒక్క లైనే, తప్పకుండా పెట్టండి.

స్పీడ్: ఒకే స్మైల్స్‌ని ఎనిమిది ఫంక్షన్లకి టెక్స్ట్‌గా ఇస్తే ఎనిమిది సార్లు చదవాలి. పది సాల్వెంట్లకి తేడా తెలియదు. లక్షల మాలిక్యూల్స్ ఉంటే తెలుస్తుంది. ముందే ఒకసారి మోల్ చేసుకుని, ఆ మోల్‌నే అన్నింటికీ ఇవ్వండి. మొదటి రూల్ ప్రకారం డెకరేటర్ దాన్ని అలాగే పంపేస్తుంది.

ఫోన్‌లో కోడ్ రాసేవాళ్లకి రెండు సెట్టింగ్స్

జీబోర్డ్ వాడుతుంటే సెట్టింగ్స్‌లో టెక్స్ట్ కరెక్షన్‌కి వెళ్లి ఆటో క్యాపిటలైజేషన్ ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్ లోపల స్మార్ట్ పంక్చువేషన్ ఉంటుంది. అది మామూలు కోట్స్‌ని వంపు తిరిగిన కోట్స్‌గా మారుస్తుంది, పైథాన్‌కి అవి పడవు. అదీ ఆఫ్ చేయండి. ఈ రెండూ లైబ్రరీ సమస్యలు కావు, కానీ తప్పు మొదలయ్యేది ఇక్కడే.

ఫైనల్‌గా నా మాట

ప్లస్‌లు: కోడ్ తగ్గుతుంది, అన్ని ఫంక్షన్లూ ఒకేలా ప్రవర్తిస్తాయి, తప్పు ఇన్‌పుట్ గుమ్మం దగ్గరే దొరుకుతుంది. మైనస్‌లు: ఆ గుమ్మం దగ్గర తప్పు చేస్తే అది ఎనిమిది ఫంక్షన్లలోకీ ఒకేసారి వెళ్తుంది. ఒక్క ఫంక్షన్‌లో తప్పు రాసి ఉంటే ఒక్క కాలమ్ చెడేది. నేను డెకరేటర్‌లో రాశాను కాబట్టి బరువు, ఫార్ములా, లిమిట్ అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా తప్పు వచ్చాయి. చూస్తే అనుమానం రాదు. రెండు మూడు ఫంక్షన్ల చిన్న స్క్రిప్ట్‌కి డెకరేటర్ అక్కర్లేదు. ఐదు దాటితే పెట్టండి.

నేను ఆ క్యాపిటల్ లైన్ తీసేశాను. ఇప్పుడు మొదటి అక్షరం మారిపోయిన బెంజీన్ వస్తే స్క్రిప్ట్ ఆగి, మూడో వరస చదవలేకపోయాను, ఒకసారి చూడండి అంటుంది. ఇంకోటి కూడా కలిపాను. స్క్రిప్ట్ మొదలవగానే బెంజీన్ 78.11, టాలుయిన్ 92.14, పిరిడిన్ 79.10 వస్తున్నాయో లేదో ముందు చూసుకుంటుంది. రాకపోతే అసలు పని మొదలుపెట్టదు. కొత్త షీట్ బావకి పంపాను. ఈసారి ఫోన్ చేయలేదు, మెసేజ్ పెట్టాడు: "బరువులన్నీ పుస్తకంతో సరిసూసినాను, బాగుంది. లిమిట్లు మాత్రం నేనే సేత్తో రాసుకుంటాన్లే."

అది కూడా కరెక్టే అనిపించింది.